మా దర్వాజ మీద ఫారెస్టు సారు చెయ్యేసిన రోజు

మొన్న నా ఇజ్జత్ పోయింది, ఇంటి దర్వాజ దక్కింది. ఏం జరిగిందో చెప్త, ఛాయ సల్లారకముందే ఇనుండ్రి. నవ్వేటోళ్లు కప్పు కింద వెట్టి నవ్వుండ్రి. మీద ఒలకవోసుకుంటే నన్ననొద్దు.

ముందుగాల్ల ఒక్క మాట. నేను ఊకె లొల్లి వెట్టుకునే మనిషిని కాను. నా జోలికి వస్తేనే. వచ్చినోళ్లను మాత్రం యాది వెట్టుకుంట.

మా పక్కింట్ల వెంకట్రావు అని ఉన్నడు. ఆంధ్రా దిక్కు మనిషి. ఇక్కడి పెద్ద కంపెనీల నౌకరీ చేసి, రిటైరై, మా పక్క ప్లాటుల ఇల్లు కట్టుకున్నడు. ఆ ప్లాటు ఒకప్పుడు మా జొన్న చేనే. మంచోడు, మంచోడు అంటరు అందరు. అననియ్యి.

నేను కొత్తిల్లు మొదలువెట్టినప్పుడు ముంగట వేపచెట్టు అడ్డమొచ్చింది. దర్వాజ సరిగ్గ ఆడనే రావాలె. కొట్టేస్తే అయిపాయె అనుకున్న. గొడ్డలి పట్టుకొని మనిషి వచ్చిండు. నేను కొంగు నడుముకు చెక్కి నిలవడ్డ. గొడ్డలి లేచింది. గప్పుడే గోడ అవతలికెల్లి ఒక తలకాయ సుత లేచింది.

"పెద్దమ్మగారూ, పర్మిషన్ తీసుకున్నారాండీ?"

"దేనికి?"

"చెట్టుకండీ. కొత్త చట్టం వచ్చిందిగా. మన స్థలంలో ఉన్న చెట్టయినా సరే, అడక్కుండా కొట్టకూడదు."

నా జాగ, నా చెట్టు, నా గొడ్డలి. నేను ఎవల్ని అడగాలె? గదే మాట అన్న. గొడ్డలాయన మాత్రం చట్టం అనంగనే గొడ్డలి భుజం మీదేసుకొని నడుసుడే నడుసుడు. తెల్లారి ఫారెస్టు సారు మోటర్ సైకిల్ మీద దిగిండు. ఆయనకు ఎవలు చెప్పిండ్రో నాకు తెల్వదు. తెలుసు.

సారు చెట్టును సూసిండు, నన్ను సూసిండు. "కొడితే కేసయితది అమ్మా. కావాల్నంటే అర్జీ పెట్టుకో. పర్మిషన్ వస్తే కొట్టు. కొట్టినంక బదులు మొక్కలు నాటాలె, వాటికి నీళ్లు పొయ్యాలె. గిదంత ఎందుకు, ఇల్లే జెర పక్కకు జరుపుకోరాదు?"

చెట్టు కోసం ఇల్లు జరుపుడు! జరిపినం మరి, ఏం జేస్తం? గందుకే మా ఇల్లు రోడ్డుకు అడ్డదిడ్డంగ ఉంటది. అలిగిన మనిషి లెక్క ఒక దిక్కుకు మొఖం తిప్పుకొని ఉంటది. వచ్చినోళ్లందరు అడుగుతరు, "ఏందవ్వా, ఇల్లు వంకర వెట్టినవ్?" అని. అడిగినప్పుడల్లా నాకు గోడ అవతలి తలకాయ యాదికొస్తది.

గప్పటిసంది వెంకట్రావుతోటి మాట బంద్. తప్పనిసరైతే కోడలితోటి చెప్పిస్త. "కోడలా, ఆయన నీళ్ల పైపు మా దిక్కు కారుతుందని చెప్పు ఆయనకు" అంట. ఆయన ఆన్నే, చెయ్యి చాపితే తలిగేటంత దగ్గర నిలవడి ఉంటడు. "కట్టేస్తానని చెప్పండమ్మా అత్తగారికి" అంటడు. నా కోడలు స్వరూప నడిమిట్ల నిలవడి ఇద్దరి మొఖాలు సూస్తది. దాని పరేషాన్ దానిది.

ఇగ ఇల్లు వంకరైంది గాబట్టి దర్వాజన్న రోడ్డు మీద పొయ్యేటోళ్లు ఆగి సూసేటట్టు ఉండాలె అనుకున్న. టేకుదే కావాలె. జోగిపేట దిక్కు మల్లయ్య అని కట్టె పని చేసే వడ్లాయన ఒకడు ఉన్నడంటే పిలిపించిన. వచ్చిండు, కూసున్నడు, అటు ఇటు సూసి గొంతు తగ్గించిండు.

"పెద్దమ్మా, ఆదిలాబాద్ అడవి టేకు ఉంది. తెలిసినోళ్ల కాడ. సస్తగ వస్తది. బిల్లు గిల్లు మాత్రం అడగొద్దు."

మా సత్తయ్య విన్నడు. నా కొడుకు. గడ్డపోతారంల మందుల కంపెనీల షిఫ్టు డ్యూటీ. "అమ్మా, బిల్లు లేని టేకు మనకొద్దే" అన్నడు.

"నువ్వు గోలీల లెక్క సూసుకోపోరా, ఇంటి కట్టె నేను సూసుకుంట" అన్న.

మల్లయ్యకు నేనెంత తిప్పలు వెట్టిన్నో! నాకు పని అంటే సాపుగ ఉండాలె. మీద చెక్కిన తామర పువ్వుల ఒక రెక్క సన్నగైందని మల్ల చెక్కించిన. దారం పట్టి సూసి, ఒక మూల గింతంత ఒరిగిందని మల్ల పట్టుకపొమ్మన్న. ఆఖరుకు పాలిష్ వెట్టి తెచ్చిండు సూడుండ్రి, ఎర్రగ, నున్నగ, మొఖం కనవడేటట్టు! మంచి గడియ సూసి, పసుపు కుంకుమ వెట్టి, నిలవెట్టినం. దాని సుట్టూ గోడ లేచింది.

గప్పటిసంది నా పని ఒక్కటే. ఎవలొచ్చినా దర్వాజను వేళ్లతోటి కొట్టి చూపిస్త. "టేకు! ఆ చప్పుడు ఇను!" ఆనుకొని నిలవడ్డోళ్లను లేపేటిదాన్ని. పాలామె ఒకపారి చేతులు తుడుసుకోకుంట పట్టుకుందని దాన్ని ఇప్పటికీ లోపలికి రానిస్తలేను.

ఇంక ఎల్లుండి పాలు పొంగిచ్చుడు అనంగ, పొద్దుగాల నేను ఆకిలి ఊకుతున్న. ఠక్, ఠక్, ఠక్. గొడ్డలి చప్పుడు! యాడికెల్లి? వెంకట్రావు ఇంటెనుకకెల్లి!

బకెట్ బోర్లేసి ఎక్కి సూసిన. ఇద్దరు మనుషులు. పొడుగాటి చెట్టు. సగం తెగింది. పక్కనే వెంకట్రావు, చేతుల కాఫీ గ్లాసు.

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. సంతోషంతోటి.

"అత్తమ్మా, నీకెందుకు? ఎల్లుండి ఇంట్ల పని ఉంది" అన్నది స్వరూప. ఇనే మనిషినా నేను? మంచి చీర కట్టిన. ఆటో ఎక్కిన. పటాన్‌చెరుల ఫారెస్టు సారు ఛాయ తాగుతుంటే పోయి ఆయన ముంగట నిలవడ్డ.

"సారూ, మీ చట్టం నా వేపచెట్టుకేనా, ఆంధ్రాయన చెట్టుకు సుత ఉందా?"

సారు కప్పు కింద వెట్టిండు. నేను మొత్తం చెప్పిన, జెర ఎక్కువే చెప్పిన. సారు బండి తీసిండు. ఆటోకు ఆలస్యమైతదని నేను ఆయన ఎనకనే కూసున్న. మా గల్లీల ఆ బండి మీద వస్తుంటే ఆడోళ్లు బయటికొచ్చి సూసిండ్రు. నేను ఎవలిదిక్కు సూడలే. ఊరేగింపుల దేవుడు మందిని సూస్తడా?

వెంకట్రావు ఇంటెనుక చెట్టు పడి ఉంది. సారు ఒక ఆకు తెంపిండు, సూసిండు, నవ్విండు.

"ఇది సుబాబుల్ అమ్మా. దీనికి పర్మిషన్ అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? ఇది చెట్టు కాదా? గడ్డా?"

"కొన్నిటిని చట్టంల మినహాయించిండ్రు. సుబాబుల్, నీలగిరి, సర్కారు తుమ్మ, గిట్లాంటియి."

"మరి వేప?"

"వేపకు పర్మిషన్ కావాలె."

"చెట్లల్ల సుత పెద్దింటోళ్లు, చిన్నింటోళ్లు ఉంటరా సారూ?"

వెంకట్రావు కాఫీ గ్లాసు కింద వెట్టి, మెత్తగ అన్నడు, "ముందే ఆఫీసులో అడిగి కొట్టిస్తున్నానండీ. వానొస్తే కరెంటు తీగ మీద పడేట్టుంది."

అడిగే కొట్టిస్తున్నడంట! నాకు కాళ్లకెల్లి మంట లేచింది. ఊరేగింపుగ వచ్చి ఉత్తగ ఎట్ల పోత? సారును నా మనిషిగ చూపించుకోవాలె గదా. "ఎండల వచ్చిండ్రు, మా ఇంట్ల ఛాయ తాగి పోండి సారూ" అన్న. సారు సరే అన్నడు. అని ఊకోలే. వెనకకు తిరిగి, "మీరు సుత రాండి వెంకట్రావు గారూ" అన్నడు.

ఆయన మా గడప కాడికి రావుడు గదే మొదలు.

సారు లోపలికి వస్త వస్త ఆగిండు. దర్వాజ మీద చెయ్యేసిండు. పైకెల్లి కిందిదాక నిమిరిండు. "అబ్బ! ఏం దర్వాజ అమ్మా! ఏం కట్టె ఇది?"

లోపల స్వరూప, ఎనక పాతింట్ల కాచి తెచ్చిన ఛాయ గిన్నె పట్టుకొని తలకాయ అడ్డంగ ఊపుతుంది. గాజులు గలగల. నాకు కనవడ్డది. ఎందుకు కనవడలే? గానీ వెంకట్రావు ఎనక నిలవడి దర్వాజనే సూస్తుండె. ఎట్ల ఆగుత చెప్పుండ్రి?

"టేకు! ఆదిలాబాద్ అడవి టేకు! ముదురు చెట్టుది!"

"అట్లనా? ఎక్కడ కొన్నరు, సర్కారు కట్టె డిపోలనా?"

"డిపోల ఏముంటది సారూ, మిగిలింది చెత్త. ఇది సీదా అడవికెల్లి వచ్చింది."

సారు దర్వాజ అంచుల పొంటి వేలు వెట్టి ఎతికిండు. "డిపో కట్టెకు మేం సుత్తెతోటి ముద్ర కొడ్తం. దీనికి ముద్ర ఏది అమ్మా?"

"ముద్రలు గిద్రలు మేమెందుకు ఉంచుతం? మంచిగ పాలిష్ పట్టిచ్చినం."

"బిల్లు ఉందా?"

"బిల్లు లేకుంటేనే గదా సారూ, గంత సస్తగ వచ్చింది!"

స్వరూప గాజుల గలగల ఆగింది. నేను సారు మొఖం సూసిన. నా నోట్లకెల్లి ఏం వచ్చిందో నాకు గప్పుడు సమజైంది.

సారు అప్పుడే చేతికందిన ఛాయ కప్పును పక్కనున్న స్టూలు మీద వెట్టిండు. గొంతు మారింది. "అమ్మా, బిల్లు, ముద్ర లేని అడవి టేకు ఇంట్ల ఉంటే కేసు. కట్టెను జప్తు చెయ్యాలె."

"దర్వాజను జప్తు చేస్తరా? గోడల ఉంది గదా సారూ!"

"గోడ పగలగొట్టి తీస్తరు."

ఎల్లుండి పాలు పొంగిచ్చుడు. చుట్టాలందర్ని పిలిచినం. పసుపు కుంకుమలు వెట్టి నిలవెట్టిన దర్వాజను పెరికేస్తే ఆ ఇంట్ల ఎట్ల అడుగువెడ్తం? నా కండ్లకు ముంగటనే కనవడ్డది. దర్వాజ జాగల పెద్ద బొంద, ఆ బొందలకెల్లి తొంగిసూసే వెంకట్రావు తలకాయ. అబద్ధమెందుకు, గడప మీదనే కూలవడ్డ. సత్తయ్య డ్యూటీల ఉన్నడు. ఇంట్ల మొగదిక్కు లేదు.

వెంకట్రావు ముంగటికొచ్చిండు. "సార్, పెద్దావిడ. తెలియక చేసి ఉంటారు…"

"కోడలా! నా తరఫున మాట్లాడొద్దని చెప్పు ఆయనకు!"

గా టైంల సుత. ఏం జేస్తం, అలవాటు.

సారు జేబులకెల్లి చిన్న చాకు తీసిండు. దర్వాజ కింద మూలకు ఒక చెక్క పెచ్చు చీల్చిండు. నాకు నా వేలే కోసినట్టైంది. "ఇది శాంపిల్. ఆఫీసుల చూపెట్టాలె" అని దాన్ని ఛాయ కప్పు పక్కన వెట్టిండు. వెట్టి, అటు తిరిగి దర్వాజ ఎడల్పు ఎంతుందో జానలు వెట్టి కొలుస్తుండు.

స్టూలు మీద పెచ్చు. స్టూలు పక్కన నేను. నా మనసుల ఒక్కటే మాట. పెచ్చు లేకుంటే శాంపిల్ లేదు. శాంపిల్ లేకుంటే కేసు లేదు. గంత పెద్ద దర్వాజ గోడల నిలవడే ఉందని, ఇంకో పెచ్చు చీల్చొచ్చని నాకు తట్టలే. చెయ్యి దానంతటదే పోయింది.

గప్పున నోట్ల వేసుకున్న!

సారు తిరిగిండు. "శాంపిల్ ఏది?"

నేను నోరు మూసుకొని పైకి సూస్తున్న. వెంకట్రావు నా దిక్కు సూస్తుండు. ఆయన సూసిండు. గ్యారంటీగ సూసిండు.

"అమ్మా, ఏం నములుతున్నవ్?"

ఏం చెప్త? మింగుదామంటే గొంతుల దిగదు. పెచ్చు నాలుక మీద తిరిగింది. తిరిగిందో లేదో, చేదు! గింత గాదు! నాలుకకెల్లి చెవుల దాక పాకింది. కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

"థూ! థూ!" అని చేతిల ఉమ్మిన. సూసిన. మల్ల కొసకు కొరికి సూసిన. అవ్వల్ దర్జా చేదు! నా చిన్నప్పటిసంది పొద్దుగాల పొద్దుగాల వేపపుల్లతోటి పండ్లు తోమిన నోరు ఇది. నా కన్ను మోసపోవచ్చు. నా నాలుక మోసపోతదా?

"సారూ! టేకు చేదుంటదా?"

"ఏందమ్మా?"

"టేకు! చేదుంటదా, ఉండదా? చెప్పుండ్రి!"

సారు నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూసిండు. మోకాళ్ల మీద కూసొని, చాకుతోటి ఇంకో పెచ్చు తీసిండు, ఈపారి లోపలి దాక. ఎర్ర పాలిష్ కింద ఇంకో రంగు. వాసన సూసిండు. నాలుకకు తాకిచ్చుకున్నడు. మొఖం వంకర పోయింది. వెంకట్రావుకు ఇచ్చిండు. ఆయన సుత నాకిండు. ఆయన మొఖం సుత వంకర. మా ఇంటి గడపల ముగ్గురం దర్వాజను నాకుకుంట నిలవడ్డం!

"వేపేనండీ" అన్నడు వెంకట్రావు.

సారు నవ్వుడు వెట్టిండు సూడుండ్రి, స్టూలు పట్టుకొని! "నేనే ముందుగాల సూడాల్సింది. గానీ అమ్మా, దొంగ టేకు ఉన్నోళ్లు 'టేకు కాదు సారూ' అని ఒట్లు పెట్టుకుంటరు. నువ్వే టేకంటివి, అడవంటివి, బిల్లు లేదంటివి. ఇంక నేను గోకి సూసేదేముంది?"

నేనే దర్వాజను చేతులతోటి తట్టిన. "వేపే సారూ! అచ్చమైన వేప! ఇంకో పెచ్చు తీసుకోండి, ఎన్నైనా తీసుకోండి!" అంటున్న. పాలామె చెయ్యి తలిగితే ఓర్వని దర్వాజ అది.

అయిపోయిందనుకుంటున్నరా? సారు నవ్వు ఆగింది. కండ్లు చిన్నగైనయ్. "వేప అంటే సుత పర్మిషన్ కావాలె గదా. అప్పుడు ముంగటి వేపచెట్టు కొడ్తనంటివి. ఈ కట్టె యాడిది?"

బయటికురికి చెట్టు చూపెట్టిన. "సూడుండ్రి సారూ! మండ సుత పోలే! ఆకు సుత పోలే!" అన్న. సారు చెట్టు సుట్టు తిరుగుతుండు. నమ్ముతడో లేదో తెల్వదు. ఇగ తప్పలే. వెంకట్రావు దిక్కు తిరిగిన. కోడల్ని పిలుస్త అనుకున్న, అది ఇంట్ల కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతుంది. సీదాగ ఆయననే అడిగిన. మాట బంద్ అయినంక ఆయనతోటి నేను మాట్లాడిన మొదటి మాట.

"నేను ఈ చెట్టు కొట్టిన్నా? చెప్పయ్యా!"

"లేదండీ. కొట్టలేదు" అన్నడు వెంకట్రావు. మెల్లగ, "నేను కొట్టనివ్వలేదుగా" అన్నడు.

గా మాట సారుకు సాలు. నాకు మాత్రం చేదు కంటే చేదు. ఆయన గా రోజు గోడ మీదికెల్లి తలకాయ లేపకుంటే ముంగట చెట్టు ఉండకపోయేది, నా ఇంట్ల వేప దర్వాజ ఉండేది. నేను ఏం జెప్పినా ఎవలు నమ్ముదురు? వంకర ఇల్లే నన్ను కాపాడింది.

సారు బండెక్కుకుంట అన్నడు, "బిల్లు లేని కట్టె మాట ఇంకోపారి ఇనవడొద్దు అమ్మా. ఆ వడ్లాయన యాడుంటడో నేను కనుక్కుంట." కనుక్కోనియ్యి. మల్లయ్యను ఇడిసిపెట్టాల్నని నాకూ లేదు. గానీ నేను పొయ్యి ఏమని తిట్టాలె? "దొంగ టేకు తెమ్మంటే మంచి వేప తెచ్చినవా?" అని తిట్టాల్నా? ఎవలికి ఫిర్యాదు చెయ్యాలె, ఫారెస్టు సారుకా? తామర పువ్వు మల్ల చెక్కించిన, మూలలు మల్ల కోయించిన, కట్టె ఏందో మాత్రం ఒక్కపారి గోకి సూడలే. గంత సాపు మనిషిని నేను.

మాపటికి సత్తయ్య డ్యూటీకెల్లి వచ్చి అంతా విన్నడు. దర్వాజ కాడికి పోయిండు, వేళ్లతోటి కొట్టిండు, చెవి వెట్టి, "అమ్మా, ఆ చప్పుడు ఇను" అన్నడు. వానికి రెండు రోజులు కూర తక్కువ వేసిన.

పాలు మంచిగనే పొంగినయ్. దర్వాజ దాని జాగల అది ఉంది, గోడ దాని జాగల అది ఉంది. నా కడుపు సల్లగైంది. వెంకట్రావును పిలువక తప్పలే, పిలిచిన. కోడలితోటే పిలిపించిన గానీ పిలిచిన. ఆయన వచ్చి దర్వాజ పక్కన కుర్చీల కూసొని కాఫీ తాగుతుండు.

సంగారెడ్డికెల్లి వచ్చిన మా వదినె దర్వాజ కాడ ఆగింది. "ఏం దర్వాజ పెట్టినవే! ఏం కట్టె?"

నేను మెడ నిలవెట్టిన. "వేప. మందు కట్టె. పురుగు పట్టది, చెద పట్టది. టేకు ఎవలైనా పెడ్తరు. నేను ఏరి కోరి వేపే కావాల్నని చేయించిన."

పక్కకు వెంకట్రావు దగ్గిండు. కాఫీ పొలమారి గాదు. ఊకెనే, చిన్నగ, ఒక్కపారి దగ్గిండు.

చెట్టు సంగతి ఆయనకు మాఫ్ చేసిన. ఆ దగ్గు మాత్రం నేను మర్వ.